యుద్ధం, ధరల మంట ఉన్న రోజుల్లో వేసిన కార్టూన్లకు ఏ ప్రభుత్వమైనా నిజంగా భయపడిందా?

బొమ్మకు భయపడిన ప్రభుత్వాన్ని నేను చూడలేదు. బొమ్మ పక్కన రాసిన అంకెకు భయపడిన, కొట్లలో ధరలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ని మాత్రం కళ్లారా చూశాను. అప్పటికి నాకు పదమూడేళ్లు.

మాది తెనాలి. నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు ఉండేది. కొట్టు ముందు ధరల బోర్డు కట్టాలని రూలు. మాది నల్లరంగు వేసిన చెక్క పలక. కందిపప్పు, పంచదార, బెల్లం, డాల్డా అని పేర్లన్నీ తెల్ల పెయింటుతో రాయించారు. ధరలు మాత్రం సుద్దముక్కతో రాసేవాళ్లం. పేరు మారదు, ధర మారుతుంది కదా. పొద్దున్నే బడికి వెళ్లేముందు తడిగుడ్డతో నిన్నటి అంకెలు తుడిచి ఇవాళ్టివి రాయడం నా డ్యూటీ. ఆర్థికశాస్త్రంలో నేను చదివింది ఆ పలకే.

అది 1973 చివర. బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయి రెండేళ్లు. యుద్ధం జరిగింది రెండు వారాలు కూడా కాదు, 1971 డిసెంబరు 3న మొదలై 16న ముగిసింది. ఖర్చు మాత్రం నెమ్మదిగా నడుచుకుంటూ మా కొట్టు దాకా వచ్చింది. శరణార్థుల కోసమని ఉత్తరానికి అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించమన్నారు. యుద్ధం ముగిశాక కూడా అంటిస్తూనే ఉన్నాం. తర్వాత 1972లో వానలు ముఖం చాటేశాయి. ఆ పైన 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. 1974కి వచ్చేసరికి ధరల పెరుగుదల ఏడాదికి 20 శాతం దాటింది. మొన్నామధ్య ఆరు శాతానికే టీవీల్లో అరుచుకున్నారు, అది వేరే సంగతి.

అప్పట్లో డాల్డా అంటే బంగారం. దానికి కంట్రోలు రేటు, అంటే ప్రభుత్వం పెట్టిన ధర ఉండేది. ఆ రేటుకు సరుకు ఉండేది కాదు. దీపావళి ముందు రెండు కిలోల డబ్బా కోసం మా వీధి పెద్దావిడ ఒకరు మూడు రోజులు వరసగా వచ్చి అరుగు మీద కూర్చున్నారు. మా నాన్నగారు సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. హోల్‌సేల్ ఆయన బిల్లు కంట్రోలు రేటుకే ఇచ్చి, పైన చేతికి ఇంత తీసుకునేవాడు. ఆ ఇంతా కలుపుకునే నాన్నగారు అమ్మేవారు. కిలోకి రెండు రూపాయలు తేడా. ఇది అందరికీ తెలుసు. బోర్డు మీద మాత్రం ఉండదు.

ఒకరోజు పలక మీద చివర్లో కాస్త ఖాళీ కనబడింది. చేతిలో సుద్దముక్క ఉంది. డాల్డా డబ్బాకు కాళ్లు పెట్టి పరిగెత్తించాను. నెత్తిన ఖద్దరు టోపీ పెట్టాను. వెనకాల సంచీ పట్టుకుని ఎముకల గూడు లాంటి మనిషి పరిగెడుతున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. డాల్డా ఎదురుగా ఉన్న కంట్రోలు రేటు పక్కన '+ 2 రూ.' అని కూడా రాసి బడికి వెళ్లిపోయాను.

ఆ రోజు శనివారం, ఒంటిపూట బడి. తిరిగొచ్చేసరికి కొట్టు ముందు ఇన్‌స్పెక్టర్ సైకిల్ స్టాండు వేసి ఉంది. ఆయన బోర్డు ముందు నిలబడి కళ్లజోడు సర్దుకుంటున్నాడు. నాన్నగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఎవరయ్యా గీసింది?"

"మా కుర్రాడండీ. చిన్నవాడు, తెలియక గీశాడు. ఇప్పుడే తుడిపించేస్తానండీ."

ఆయన వంగి మరీ చూశాడు. టోపీ మీద వేలు పెట్టి పకపకా నవ్వాడు. "బాగా గీశాడయ్యా. వీడికి డ్రాయింగు పరీక్ష కట్టించు" అన్నాడు. నాన్నగారు గుడ్డ తీసుకుని ముందుకు వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "బొమ్మ ఉండనీ, బొమ్మకేం. ఆ ప్లస్సు రెండు మాత్రం తుడిచెయ్యి."

నాన్నగారు చేతిలోని గుడ్డ సంగతే మరిచిపోయి అరచేత్తోనే తుడిచేశారు. ఇన్‌స్పెక్టర్ జీడిపప్పు పొట్లం సంచిలో వేసుకుని వెళ్లాడు. ఆయన సందు తిరిగాక నా చెంప ఛెళ్లుమంది. టోపీ పెట్టుకున్న డబ్బా మాత్రం ఇంకో వారం రోజులు మా కొట్టు ముందు హాయిగా పరిగెత్తింది. ప్రభుత్వానికి నష్టమేమీ రాలేదు.

అప్పటి నుంచి ఈ విషయంలో నాది ఒకటే మాట. మంత్రిని ఎలుకలా గీయండి, ఏనుగులా గీయండి, వాళ్లకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. పైగా ఒరిజినల్ ఇవ్వమని అడిగి ఫ్రేము కట్టించుకుంటారు. బియ్యం ఎంత, కూలి ఎంత అని పక్కపక్కన రాసి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఇది నా సొంత కవిత్వం కాదని చెప్పడానికి లండన్ దాకా వెళ్లాల్సి వచ్చింది. అంటే దీనికోసమే వెళ్లలేదు లెండి, అమ్మాయి అక్కడ ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియం అనగానే మా గుంటూరు ప్రాంతం వాళ్లందరిలాగే నేనూ ముందు అమరావతి శిల్పాల దగ్గరికే పరుగెత్తాను. అద్దాల వెనక మన ఊరి సున్నపురాయిని చూసి గొంతులో ఏదో అడ్డం పడింది. దాని మీద ఇంకోసారి, వేరే ప్రశ్నకు రాస్తాను, లేకపోతే ఇది తెగదు.

"నీకు కార్టూన్లంటే పిచ్చి కదా నాన్నా" అని అమ్మాయి అక్కడే పాత ముద్రణ బొమ్మలు చూపించే గదికి ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకుంది. జేబులో పెన్ను లోపల పెట్టేయమన్నారు. అక్కడ పెన్సిలే వాడాలి. బల్ల ముందు కూర్చోబెట్టి, నేను అడిగిన పాతకాలపు కార్టూనిస్టు జేమ్స్ గిల్‌రే బొమ్మలు తెచ్చి పెట్టారు. ఇలాంటివి డబ్బున్నవాళ్లకే చూపిస్తారేమో అనుకున్నాను. పైసా తీసుకోలేదు. మన దగ్గర ఒక లైబ్రరీలో పాత పేపరు చూడాలని వెళ్తే "ఎందుకండీ, ఏం పని" అని అరగంట ప్రశ్నించారు. పోనివ్వండి.

గిల్‌రే లండన్‌వాడు. 1756లో పుట్టాడు. కుర్రతనంలో అక్షరాలు చెక్కే పనిలో చేరాడు, అంటే దాదాపు నా బోర్డు ఉద్యోగమే. అతను బొమ్మలు వేసే రోజుల్లో ఇంగ్లండు ప్రధానమంత్రి విలియం పిట్. 1793 నుంచి ఫ్రాన్సుతో యుద్ధం. 1795కి పంట దెబ్బతిని గోధుమ ధర ఆకాశానికి అంటింది. రొట్టె తగ్గించి తినండి, గోధుమ పొదుపు చేయండి అని పెద్దలు సలహాలిస్తున్నారు. అక్టోబరులో రాజుగారి బండి పార్లమెంటుకు వెళ్తుంటే జనం చుట్టుముట్టి రొట్టె కావాలి, యుద్ధం వద్దు, పిట్ వద్దు అని అరిచారు.

నా ముందు పెట్టిన బొమ్మ అదే ఏడాది జులైలో వచ్చింది. పిట్ కసాయి వేషంలో ఉన్నాడు. కోలమొహం, కర్ర లాంటి మనిషి. ఎదురుగా జాన్ బుల్, అంటే మన భాషలో సామాన్యుడు. కింద నాలుగు పాదాల పద్యం ఉంది. అమ్మాయి చదివి అర్థం చెప్పింది. దాని సారం ఇది: రొట్టె ప్రియమైపోయింది, నువ్వేమో తినకుండా ఉండలేనంటున్నావు, రొట్టెకు పన్నెండు పెన్నీలు పెట్టలేవు కాబట్టి ఒక క్రౌను పెట్టి మాంసం కొనుక్కో, సరిపోతుంది.

మొదట నాకు నవ్వు రాలేదు. అప్పుడు అమ్మాయిని అడిగాను, క్రౌను అంటే ఎన్ని పెన్నీలమ్మా అని. ఫోనులో చూసి అయిదు షిల్లింగులు అంది. షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. అంటే అరవై. పన్నెండు పెట్టలేనివాడిని అరవై పెట్టమంటున్నాడు! ఆ నిశ్శబ్దంలో నేను ఒక్కసారి పైకే నవ్వేశాను, పక్క బల్ల ఆవిడ తలెత్తి చూసింది. బొమ్మలో కత్తి ఉంది, కసాయి ఉన్నాడు, పిట్ మొహం ఉంది. నవ్వు మాత్రం లెక్కలో ఉంది. ఆ రోజుల్లో ఇంగ్లండులో పల్లెటూరి కూలివాడికి వారానికి ఎనిమిదో తొమ్మిదో షిల్లింగులు వచ్చేవి. ఆ అయిదు షిల్లింగుల మాంసానికి సగం వారం కూలికి పైనే పోతుంది. ఇది చెప్పడానికి రాక్షసుడి బొమ్మ అక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించాను. రాగి రేకు మీద మైనం పూసి సూదితో గీసి యాసిడ్ పోస్తే గీతలు పడతాయి, దానికి సిరా పూసి కాగితం మీద నొక్కుతారు. అచ్చు తిరగబడి పడుతుంది కాబట్టి ఆ పద్యం మొత్తం రేకు మీద అద్దంలో కనిపించినట్టు తిరగేసి, కుడి నుంచి ఎడమకు రాయాలి. ఇంటికొచ్చాక అల్లుడి పిల్లల డ్రాయింగు పుస్తకంలో మన అంకెలు నాలుగు అలా రాసి చూశాను. 5, 2 దగ్గరే చెయ్యి వణికింది. అతను మాత్రం వెంట్రుకంత సన్నగా పుంఖానుపుంఖాలుగా రాసి పడేశాడు.

అదే ఏడాది మేలో బెర్క్‌షైర్ జిల్లా మేజిస్ట్రేట్లు స్పీనమ్‌లాండ్ అనే చోట కూర్చుని, రొట్టె ధర ఇంత ఉంటే కూలివాడి కుటుంబానికి వారానికి ఇంత అందాలి అని ఒక పట్టిక రాశారు. రొట్టె పెరిగితే అదీ పెరుగుతుంది. మన ఉద్యోగుల డీఏ లాంటిదే అనుకోండి. తక్కువ పడితే లోటు ఊరి పన్నుల్లోంచి ఇచ్చారు. దాని మంచిచెడ్డల మీద పండితులు కొట్టుకుంటారు. నేను చూసేదల్లా ఒకటే, కదిలించింది అంకెల పట్టిక. ఇది కార్టూన్ చూసి చేశారా అని అడక్కండి. కార్టూన్ జులైలో వచ్చింది, పట్టిక మేలోనే వచ్చింది. నా వాదానికి ఇది కాస్త అడ్డం తగులుతుందని తెలుసు.

పన్నుల సంగతీ అంతే. యుద్ధానికి డబ్బు చాలక 1795లో విగ్గులకు, జుట్టుకు పూసుకునే పౌడరు మీద మనిషికి ఏడాదికి ఒక గినీ (21 షిల్లింగులు) పన్ను వేశారు. కట్టినవాళ్లను జనం 'గినీ పిగ్గులు' అని వెక్కిరించారు. గిల్‌రే వెంటనే ఒక ఇంటి బొమ్మ వేశాడు, గినీ మిగిల్చుకోవడానికి ఇంటిల్లిపాదీ పౌడరు మానేసే తంతు. మన ఇళ్లలో గ్యాసు మిగల్చాలని చెప్పి అందరూ చన్నీళ్లు పోసుకోవాలనే నాన్నలు గుర్తొస్తారు. నేనూ అలాంటి నాన్ననే అని అమ్మాయి అంటుంది.

1797 ఫిబ్రవరిలో ఫ్రెంచి సైనికులు వేల్స్ తీరంలో ఫిష్‌గార్డ్ దగ్గర దిగారు. జనం హడలిపోయి నోట్లు పట్టుకుని బంగారం కోసం బ్యాంకుల మీద పడ్డారు. 26వ తేదీన ప్రభుత్వం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుతో నోటుకు బదులు బంగారం ఇవ్వడం ఆపించింది. పూర్తిగా మళ్లీ ఇవ్వడం మొదలైంది 1821లో! మార్చి 9న గిల్‌రే బొమ్మ వచ్చేసింది. పిట్ బ్యాంకు మీద కాళ్లు చాపి నిలబడి ఉంటాడు, పొట్ట నిండా బంగారం, నోట్లోంచి నోట్లు కక్కుతుంటాడు. మేలో ఇంకొకటి వేశాడు. బ్యాంకును ఒక ముసలమ్మగా గీశాడు, ఒంటి మీద గౌను మొత్తం ఒక పౌను, రెండు పౌన్ల నోట్లే. తాళం వేసిన పెట్టె మీద కూర్చుని ఉంటే పిట్ ముద్దుపెట్టుకునే నెపంతో జేబులో చెయ్యి పెడుతున్నాడు. ఆ బ్యాంకుకు 'థ్రెడ్‌నీడిల్ వీధి ముసలమ్మ' అన్న పేరు ఆ బొమ్మతో పడిపోయి ఇవాళ్టికీ ఉంది. 2016 నవంబరులో తెనాలిలో మూడు గంటలు లైన్లో నిలబడినప్పుడు నాకీ ముసలమ్మ తెలియదు. తెలిసుంటే కాస్త కాలక్షేపం అయ్యేది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఇంత వేసినా పిట్ ఏం చేశాడు? పడిపోలేదు. 1801 దాకా కుర్చీలోనే ఉన్నాడు, 1804లో మళ్లీ వచ్చాడు. గిల్‌రేను ధరల బొమ్మలకు జైల్లో వేయలేదు. 1796లో ఒకసారి పట్టుకున్నారు గానీ అది యువరాజు కుటుంబం మీద వేసిన వేరే బొమ్మకు. మరి ఏం చేశారంటే, 1797 చివర్నుంచి ఏడాదికి 200 పౌన్ల పింఛను ఇచ్చారు. మధ్యవర్తి జార్జ్ క్యానింగ్, తర్వాత ఆయనే ప్రధానమంత్రి అయ్యాడు. పింఛను మొదలయ్యాక గిల్‌రే సూది ఎక్కువగా ఫ్రెంచివాళ్ల మీద, ప్రతిపక్ష నాయకుడు ఫాక్స్ మీద తిరిగింది. జీడిపప్పు పొట్లం అటు నుంచి ఇటు వచ్చిందన్నమాట.

ఇది చదివి అతన్ని అమ్ముడుపోయాడని తిట్టేవాళ్లుంటారు. నేను తిట్టను. పిల్లనిచ్చిన మామ లేడు, పెళ్లాం లేదు, తన బొమ్మలు అమ్మే దుకాణందారు హానా హంఫ్రీ ఇంటి పైగదిలో ఉండి రాత్రింబవళ్లు రాగిరేకులు గీకి కళ్లు పాడుచేసుకున్నాడు. చివరి ఏళ్లలో మతి తప్పింది. 1815 జూన్ 1న, నెపోలియన్ చివరిసారి ఓడిన వాటర్లూ యుద్ధానికి పదిహేడు రోజుల ముందు పోయాడు. అతను జీవితమంతా గీసిన యుద్ధం ముగియడం చూడలేదు.

పైగా ఆ బొమ్మలు కొనేది ఎవరనుకున్నారు? రంగులు వేసిన బొమ్మ రెండు షిల్లింగులు ఉండేది. రొట్టె కొనలేని జాన్ బుల్ తన బొమ్మనే కొనుక్కోలేడు. డబ్బున్నవాళ్లు కొనేవారు, కొందరు ఆల్బం మొత్తం ఒక సాయంత్రానికి అద్దెకు తెచ్చుకునేవారు, మనం వీడియో క్యాసెట్లు తెచ్చుకున్నట్టు. మిగతా జనం సెయింట్ జేమ్స్ వీధిలో దుకాణం అద్దాల ముందు నిలబడి చూసేవారు. 1808లో గిల్‌రే ఆ దుకాణాన్నే బొమ్మ వేశాడు. మంచుకు జారి ఒక పెద్దాయన ధబాలున కింద పడుతున్నాడు, కిటికీ దగ్గర గుంపు వీపులు ఇటు తిప్పి బొమ్మలు చూసుకుంటోంది. మా ధరల బోర్డు ముందు కూడా అంతే, కొనేవాళ్లు నలుగురుంటే చదివిపోయేవాళ్లు నలభై మంది.

ఎమర్జెన్సీ సంగతేంటి అని ఎవరో కామెంట్ పెడతారు, ముందే చెప్తున్నాను. కార్టూన్ల పత్రిక శంకర్స్ వీక్లీ 1975 ఆగస్టులో మూతపడింది, నిజమే. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్నట్టు అబూ అబ్రహాం వేసిన కార్టూన్ పేపర్లో అచ్చయింది. అంత బొమ్మ దాటిపోయింది. ఎందుకు దాటింది? అందులో అంకె లేదు. ఒక్క ఉదాహరణతో ఇంత పెద్ద మాట అనొచ్చా అంటే, మా కొట్టుతో కలిపి రెండు.

ఇప్పటి కార్టూన్లు చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. గ్యాసు సిలిండరును రాకెట్టు చేసి దాని మీద 'ధరలు' అని రాస్తారు. కొండచిలువ గీసి 'ద్రవ్యోల్బణం' అని రాస్తారు. సామాన్యుడి నెత్తిన బండరాయి, దాని మీద 'భారం'. ఏ ఊరు, ఏ సరుకు, ఏ రోజు? 1974కి వేసినది 2024కి వాడుకోవచ్చు, ఎక్కడా ఒక్క గీత మార్చక్కర్లేదు. వేసేవాడు మార్కెట్టుకు వెళ్లి సంచీ పట్టుకుని తిరిగాడా అని నా అనుమానం.

నాన్నగారు ఒక్క నాయకుడిని మాత్రం వెక్కిరించనిచ్చేవారు కాదు. 1965 యుద్ధంలో లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట భోజనం మానమంటే మా ఇంట్లో సోమవారం రాత్రి పొయ్యి వెలిగేది కాదు. "ఆయన ముందు తన ఇంట్లో మాన్పించి మనకు చెప్పాడురా" అనేవారు. కసాయి పిట్ బొమ్మ చూస్తుంటే ఆ మాటే గుర్తొచ్చింది.

మ్యూజియం నుంచి వచ్చాక అమ్మాయి నా నోటుబుక్కు తిరగేసింది. పెన్సిలుతో రాసుకున్నది ఒకటే పేజీ: రొట్టె 12 పె., మాంసం 60 పె., కూలి వారానికి 8 లేక 9 షి., బొమ్మ 2 షి., పౌడరు పన్ను 1 గినీ.

"ఏంటి నాన్నా ఇది, సరుకుల చిట్టానా?"

"అవునమ్మా, 1795ది" అన్నాను.